చెయ్యి ఊపే తొండ

మా ఊళ్లో వేటకెళ్లిన పడవ తిరిగొచ్చేటప్పుడు ముందున్న మనిషి లేచి నిలబడి, ఒక చెయ్యి పైకెత్తి నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతాడు. అందరం బాగున్నాం అని దానర్థం. తువ్వాలు ఊపితే మాత్రం ఏదో జరిగిందని. ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లు ముందు ఆ చెయ్యి కోసమే చూస్తారు. చేపల సంగతి తర్వాత. నాకు నడక వచ్చినప్పట్నుంచి నేనూ అదే చూశాను. అందుకని యోనా మొదటిసారి నన్ను చూసి ముందుకాలు ఎత్తి గాలిలో గుండ్రంగా తిప్పినప్పుడు నాకు ఇంకో అర్థం తోచలేదు.

యోనా తొండ. మన కంచెల మీద తిరిగే తొండ కాదు, ఆస్ట్రేలియా ఎడారుల్లో ఉండే జాతి. జానెడున్నర పొడుగు, ఎండిన ఇసుక రంగు, మెడ కింద ముళ్ల గడ్డం. కోపం వస్తే ఆ గడ్డం ఉబ్బి నల్లబడుతుంది. పట్నంలో ఇలాంటివాటిని కొనుక్కుని గాజు పెట్టెల్లో పెంచుతారని చెబితే మా నానమ్మ గంగాలమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని. మా ఊళ్లో తొండ కనిపిస్తే రాయి తీస్తారు.

ఇంటర్‌లో చేరడానికి విశాఖపట్నం వచ్చి జ్ఞానాపురంలో మా మేనత్త ధనలక్ష్మి ఇంట్లో ఉంటున్నాను. మాది పై వాటా. కింద వాటాలో రోజలిన్ అక్క, వాళ్లమ్మ దీవెనమ్మ మామ్మ ఉంటారు. అక్క ద్వారకా నగర్ దగ్గర ఒక జంతువుల ఆసుపత్రిలో పనిచేస్తుంది. జనం కొనుక్కుని, విసుగొచ్చి, సరిగా చూడక పాడుచేసిన గడ్డం తొండలు అక్కడికి వస్తాయి. కాళ్లు వంకరపోయినవి, తోక చివర నల్లబడి ఎండిపోయినవి. వాటిని అక్క ఇంటికి తెచ్చి బాగుచేస్తుంది. వెనక గదిలో మూడు గాజు పెట్టెలు, వాటిపైన దీపాలు. ఒక దీపం వేడి కోసం, ఇంకోటి ఎండలాంటి వెలుగు కోసం. ఆ వెలుగు లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదట.

మా వీధిలో పోర్టు నుంచి బొగ్గు పొడి గాలికి వచ్చి పడుతుంది. కిటికీలు మూసినా పడుతుంది. ఆరేసిన బట్టల మీద, బియ్యం డబ్బా మూత మీద, ఆ దీపాల మీద కూడా. దీపం మీద పొడి పేరుకుంటే వెలుగు తొండ దాకా చేరదు. రోజూ తుడవాలి. అక్కకి తీరిక ఉండదు, మామ్మకి ఆ గదంటేనే అసహ్యం. ఆ గదిలో గుడ్ల అట్టల మధ్య బొద్దింకలు కూడా పెరుగుతుంటాయి, తొండల తిండి కోసం.

"ఊరందరూ బొద్దింకల మందు కొంటారు. నా కూతురు బొద్దింకలకి కేరట్ కోసి పెడతాది. మరియమ్మ తల్లీ, ఇదేటి పరీక్ష నాకు?" అని మామ్మ రోజుకొకసారైనా అంటుంది.

తుడిచే పని నాకొచ్చింది. నాకు నచ్చింది కూడా. ఆ గదిలో ఎవరూ నన్ను ప్రశ్నలు అడగరు. కాలేజీలో నా తెలుగు విని నవ్వుతారని నేను నోరు తెరవను. ఎవరైనా నా వైపు చూస్తే నవ్వుతాను. అది నాకు తెలియకుండానే వచ్చేస్తుంది. లెక్చరర్ తిట్టినా నవ్వు వస్తుంది, దానికి ఇంకో తిట్టు పడుతుంది.

యోనా వానాకాలంలో వచ్చింది, మిక్సీ అట్టపెట్టెలో. దవడ మెత్తబడి, వెనక్కాళ్లు వణుకుతూ, వేళ్ల మీద పాత కుబుసం చుట్టుకుపోయి ఉంది. బైబిల్లో చేప కడుపులోంచి బయటపడ్డ యోనాలా చీకటి నుంచి వచ్చింది కదా అని మామ్మే ఆ పేరు పెట్టింది. పేరు పెట్టి, ఆ గదిలోకి మాత్రం రాలేదు.

"రెండేళ్లు కేబేజీ, అన్నం పెట్టినారంట. దీపం నేదు. ఏసీ గదిలో పెట్టినారు," అంది అక్క. "ప్రేమగానే పెట్టినారు. అదే వచ్చిన గొడవ."

నేను అద్దం మీదికి వంగి చూశాను. యోనా తల ఎత్తి నన్ను చూసింది. కుడి ముందుకాలు లేచింది. ఒక్కసారి, ఎంతో నెమ్మదిగా, గుండ్రంగా.

ఆ కాలు తిప్పడం మా నాన్న చెయ్యి తిప్పినట్టే ఉంది.

ఆ రోజు నుంచి కాలేజీ నుంచి రాగానే బ్యాగు పెట్టి ఆ గదికి వెళ్లేదాన్ని. పెట్టె మీదికి వంగేదాన్ని. అది చెయ్యి తిప్పేది. నేనూ తిప్పేదాన్ని. అప్పుడే మునగాకు, గుమ్మడి తురుము లోపల పెట్టి, అది తింటుందా అని అక్కడే నిలబడి చూసేదాన్ని. అక్క వచ్చి "ఎలాగున్నాది?" అని అడిగితే "బాగుందక్కా. చెయ్యి ఊపింది," అనేదాన్ని. అక్క అలసిపోయి ఉండేది, సరేనని తలూపేది. డైరీలో కూడా అదే రాసుకున్నాను. యోనా బాగుంది. నేనంటే దానికి ఇష్టం.

కాని అది బాగాలేదు. కూరగాయల కాటా మీద పెడితే తూకం తగ్గుతూ వస్తోంది. అక్కకి అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అక్క ఇంట్లోనే ఉండి, గది గుమ్మం దగ్గర నిలబడి, నేను చేసేదంతా చూసింది.

"ఓలమ్మ! అనూ, అలగే నిలబడి సూత్తావేటి రోజూ?"

"అవునక్కా. చూడు, చెయ్యి ఊపుతోంది."

అక్క నన్ను మెల్లగా వెనక్కి లాగింది.

"అది భయమే. పెద్దది ఎదురొత్తే సిన్నది అలాగ సెయ్యెత్తుతాది. నాను సిన్నదాన్ని, నీతో పోటీకి రాను, నన్నేటీ సెయ్యకు అని. పైనుంచి వంగితే దానికి నువ్వు గద్దవి. గద్ద ఎదురుగా ఉంటే ఎవరికైనా కూడు దిగుతాదా?"

మా ఊళ్లో ఎండు చేపల మీదికి గద్దలు ఎలా వాలుతాయో నాకు తెలుసు. ఆ నీడ పడగానే కోడిపిల్లలు ఎలా అయిపోతాయో తెలుసు. అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ బాగున్నానని చెబుతోందనుకున్నది, చంపొద్దని చెబుతోందా? నేను కూడా తిరిగి చెయ్యి ఊపానే, దానికి అది ఏమని అర్థమయ్యుంటుంది?

తర్వాత అక్క చెప్పినట్టు చేశాను. నేల మీద కూర్చున్నాను. సూటిగా చూడకుండా పక్కకి తిరిగి, రసాయనశాస్త్రం చదువుకుంటూ. పెట్టె పక్క తలుపు తీసి చెయ్యి పక్కనుంచి పెట్టాను. ముట్టుకోలేదు. చాలా రోజులు ఏమీ జరగలేదు. తర్వాత నేనున్నప్పుడే తినడం మొదలుపెట్టింది. తర్వాత నా అరచేతిలోంచి మునగపువ్వు అందుకుంది. దవడ గట్టిపడింది, కాళ్ల వణుకు తగ్గింది. చెయ్యి ఊపడం మాత్రం పూర్తిగా మానేసింది.

అక్క సంతోషించింది. నేనూ సంతోషించాలి. కాని ఎవరో నాతో మాట్లాడడం మానేసినట్టనిపించింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. చెబితే నవ్వుతారు.

కాలేజీలో నాతో తనంతట తాను మాట్లాడింది ఒక్క స్టెఫీనే. నా పక్కన కూర్చుని, నా కేరేజీ మూత తీసి, అందులోని చిన్న చేపలు చూసి, "నెత్తళ్ల వేపుడా? అలగే దాస్తావేటి, ఇలాగియ్యి!" అని సగం తినేసింది. అప్పట్నుంచి రోజూ నా పక్కనే. తను మాట్లాడుతుంది, నేను వింటాను. నా వంకర ఇంగ్లీషు నోట్సు చూసి నవ్వలేదు. ఎవరైనా నవ్వితే వాళ్లని "మీకేటి నొప్పి?" అని అడిగేది.

"నువ్వు నన్ను సూసినప్పుడల్లా నవ్వుతావ్," అంది ఒకసారి. "నానంటే అంతిష్టమా నీకు?"

నవ్వాను.

స్టెఫీ తన కుకీ గురించి చాలా చెప్పేది. కుకీ ఒక గడ్డం తొండ. వాళ్లన్నయ్య కొన్నాడు. అన్నయ్య ఉద్యోగానికి బెంగుళూరు వెళ్లాక స్టెఫీనే చూసుకుంది. ఇప్పుడు కాళ్లు పడిపోతే వాళ్ల డాడీ ఆసుపత్రిలో ఇచ్చారు. అక్కడి ఒక మేడం ఇంట్లో పెట్టి బాగుచేస్తోందట.

"రెండేళ్లు, తెల్సా? పొద్దున్న లేచి దుప్పటి తీసి పెట్టె మీద ఇలాగ మొహం పెట్టేదాన్ని. ఎంటనే సెయ్యెత్తి హాయ్ సెప్పేది. ఒక్క రోజు మానలేదు. అమ్మ పోయినాక కూడా మా ఇంట్లో పొద్దున్నే నాకు హాయ్ సెప్పేది అదొక్కటే."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మిక్సీ అట్టపెట్టె గుర్తొచ్చింది. కేబేజీ గుర్తొచ్చింది. విశాఖపట్నంలో ఇంకో ఆసుపత్రి ఉండదా, ఇంకో గడ్డం తొండ ఉండదా అనుకున్నాను. కాని తోక మీద ముత్యమంత తెల్ల మచ్చ ఉంటుందని తనే చెప్పింది. యోనాకీ ఉంది.

నేను చెప్పాలి. మీ కుకీ మా కింద వాటాలోనే ఉందని. చెబితే చూడ్డానికి వస్తుంది. వస్తే అది చెయ్యెత్తుతుంది. అప్పుడు నేనేం చెయ్యాలి? రోజూ రేపు చెబుదామనుకున్నాను. స్టెఫీ నా వైపు చూస్తే నవ్వాను.

క్రిస్మస్‌కి ముందు శనివారం కాలేజీ లేదు. అక్క ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"అనూ, యోనా వాళ్లు ఇయ్యాల వత్తారంట తీసుకెళ్లడానికి. నాను రాలేను, ఇక్కడ కుక్కకి ఆపరేషనుంది. దీపాలు కొన్నారు, ఫొటో పంపినారు. మంచి దీపాలే."

"ఇచ్చెయ్యాలా అక్కా?"

వెనక ఏదో కుక్క అరుస్తోంది. "నాకంటే నువ్వే దాంతో ఎక్కువున్నావు. ఇవ్వాలనిపిత్తే ఇచ్చీ. బాగోనేదనిపిత్తే నాను వచ్చేదాకా ఆగమని సెప్పు. నీ ఇష్టం."

నా ఇష్టం అని అంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు యోనా పెట్టె అద్దం తుడిచాను. శుభ్రంగానే ఉంది, మళ్లీ తుడిచాను.

ఆటో ఆగింది. వాళ్ల డాడీ సుందర్ రాజ్ గారు కొత్త గాజు పెట్టె పట్టుకుని దిగారు. స్టీల్ ప్లాంటు షిఫ్టు దిగి తిన్నగా వచ్చినట్టున్నారు, గుర్తింపు కార్డు మెడలోనే ఉంది. వెనక స్టెఫీ, చేతిలో దీపాల సంచీ.

"అనూ! నువ్వేటి ఇక్కడ?"

"మా అత్త ఇల్లు పైనే," అన్నాను.

"మరి కుకీ ఇక్కడున్నాదని నీకు..." అని నా మొహం చూసింది. నేను నవ్వుతున్నాను. "నీకు ముందే తెల్సా?"

జవాబు చెప్పేలోగా మామ్మ వచ్చి "రండి బాబూ, కూకోండి. అమ్మాయి నేదు, ఈ గుంటే సూపిస్తాది," అని నన్ను చూపించి అందరినీ గదిలోకి తోసింది. తను గుమ్మం బయటే ఆగింది.

యోనా దీపం కింద రాయి మీద నోరు కొంచెం తెరిచి కాచుకుంటోంది. స్టెఫీ సంచీ కింద పడేసి పెట్టె మీదికి వంగింది. మొహం అద్దానికి ఆనించింది.

యోనా నోరు మూసింది. ఒళ్లంతా రాయికి అదుముకుంది. కుడికాలు లేచింది.

"డాడీ! సూడండి, సూడండి! మర్చిపోనేదు! హాయ్ సెప్తంది!"

కాలు దించి మళ్లీ ఎత్తింది. ఇక్కడికి వచ్చిన ఇన్ని నెలల్లో ఒకేసారి ఇన్నిసార్లు ఎత్తడం నేను చూడలేదు. స్టెఫీ ఏడుస్తూ నవ్వుతూ తిరిగి చెయ్యి ఊపుతోంది. సుందర్ రాజ్ గారు జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయన్ని చూస్తే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. వీళ్లు చెడ్డవాళ్లయితే నాకు ఎంత తేలికగా ఉండేదో అనిపించింది.

"అయితే ఎల్లిపోదాం అమ్మా. ఆటో ఆగున్నాది," అన్నారాయన.

మాట్లాడకపోతే అన్నీ బాగుంటాయి. దీపాలున్నాయి, తిండి సంగతి చెప్పి పంపొచ్చు, స్టెఫీ సోమవారం నా పక్కన కూర్చుంటుంది. ఏదో అన్నాను.

"ఏటే గొణుగుతన్నావ్? గట్టిగా సెప్పు," అంది మామ్మ గుమ్మం బయటి నుంచి.

"అది హాయ్ కాదు," అన్నాను.

స్టెఫీ ఇంకా నవ్వుతూనే ఉంది. "మరేటి?"

"భయం. పెద్దవి ఎదురొత్తే అవి అలాగ సేత్తాయి. నాను సిన్నదాన్ని, నన్నేటీ సెయ్యకు అని."

మా ఊరి మాట వచ్చేసింది. కాలేజీలో ఎప్పుడూ రానివ్వను.

"ఎవరు సెప్పినారు నీకు? రెండేళ్లు నాకు రోజూ సెప్పింది. రోజూ పొద్దున్న..." స్టెఫీ ఆగిపోయింది. తను అన్న మాట తనకే వినబడినట్టుంది. "నీకు సెప్పదేటి?"

"సెప్పేది. నానూ నీలాగే అనుకున్నాను. ఇప్పుడు సెప్పదు."

నేల మీద కూర్చున్నాను. పక్క తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాను. యోనా చాలాసేపు కదల్లేదు. అది రాకూడదని కూడా అనుకున్నాను, నిజంగా. తర్వాత రాయి దిగి వచ్చి నా అరచేతి మీద గడ్డం ఆనించింది. చెయ్యెత్తలేదు.

ఆటో అతను బయట హారన్ కొట్టాడు.

"తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతాదంటారు," అంది మామ్మ. "ఇది ముదిరి పిల్లల్ని ఏడిపిస్తంది."

"మామ్మా, ఊరుకోండి," అన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.

స్టెఫీ నన్నే చూస్తోంది. తొండని కాదు. "నువ్వు నవ్వుతావ్ కదా నన్ను సూసి, రోజూ. అదీ ఇదేనా?"

కాదని చెప్పాలి. మొదటి రోజు నా కేరేజీ మూత తీసినప్పుడు నవ్వాను, అది భయమే. ఎప్పుడు మారిందో తెలియదు. మారిందా? ఇప్పుడు కూడా నా పెదాలు సాగి ఉన్నాయి.

"తెల్దు," అన్నాను. "మొదట్లో."

స్టెఫీ సంచీ తీసుకుంది. సుందర్ రాజ్ గారు నా పక్కన గొంతుక్కూర్చుని, మెల్లగా అడిగారు. "ఇంటికి తీసుకెల్తే కొన్నాళ్లకి అలవాటు పడదంటావా అమ్మా?"

"తెల్దండీ. పడతాదేమో. పడదేమో."

"డాడీ, వద్దు. పదండి," అంది స్టెఫీ. దీపాల సంచీ మళ్లీ కింద పెట్టేసి వెళ్లిపోయింది. ఆయన గాజు పెట్టె కూడా వరండాలో మర్చిపోయారు.

అక్క వచ్చాక జరిగింది చెప్పాను. మంచి పని చేశావంటుందనుకున్నాను. అక్క చెప్పులు విప్పుకుంటూ ఆలోచించింది. "ఇచ్చినా తప్పు కాదే. ఆ పిల్లకి నేర్పించి పంపొచ్చు. ఇవ్వకపోయినా తప్పు కాదు. నానైతే ఏటి సేద్దునో నాకూ తెల్దు," అంది. నాకు ఇంకా అయోమయమైపోయింది. మామ్మ ఆ కొత్త గాజు పెట్టెలో ఉల్లిపాయలు పోసుకుంది.

సోమవారం స్టెఫీ వేరే బెంచీలో కూర్చుంది. మంగళవారం కూడా. నా కేరేజీలో నెత్తళ్లు సగం మిగిలిపోయాయి.

ఆ ఆదివారం ఊరెళ్లాను. అచ్యుతాపురంలో ఆటో మారి, ఫ్యాక్టరీ షిఫ్టు జనం మధ్య నలిగి చేరేసరికి పడవలు వచ్చే వేళయింది. నానమ్మ పక్కన ఒడ్డున నిలబడ్డాను. నాన్న పడవ అల మీద కనిపించింది. నాన్న లేచి చెయ్యెత్తి తిప్పాడు. నానమ్మ కొంగు సర్దుకుని "వచ్చీసినాడు," అని బుట్ట తీసింది. నాకు మాత్రం ఆ చెయ్యి చూస్తే ఒళ్లు జలదరించింది.

వల విడదీస్తున్నప్పుడు అడిగాను. "నాన్నా, సెయ్యి ఊపేటప్పుడు నీకు భయం ఉంటాదా?"

మా నాన్న ఎల్లారావు నవ్వే మనిషి. "భయం నేని రోజేది? ఒడ్డు కాడ అల తిరగబడితే నడిసంద్రం కంటే సెడ్డది. అప్పుడే ఊపుతాం."

"మరి బాగున్నాం అని కదా దానర్థం?"

"అదీని," అన్నాడు. "రెండూని. ఏటే, కాలేజీలో ఇయ్యి సెప్తన్నారేటి?"

రెండూ ఎలా అవుతాయి? బస్సులో తిరిగొస్తూ ఆలోచించాను, తేలలేదు.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. స్టెఫీ. చేతిలో డబ్బా. నన్ను చూడకుండా "మామ్మగారికి కేకు ఇద్దామని," అంది.

"క్రిస్మస్ ఎప్పుడో ఎల్లిపోనాది. ఇది ఏ పండక్కి కేకు?" అంది మామ్మ. డబ్బా మాత్రం వెంటనే తీసుకుంది.

స్టెఫీ వెనక గది గుమ్మం దాకా వచ్చి అక్కడే నేల మీద కూర్చుంది. లోపలికి రాలేదు. యోనా అంత దూరం నుంచే కాలెత్తింది. స్టెఫీ మొహం పక్కకి తిప్పుకుంది. నేను అద్దాలు తుడుచుకున్నాను. తను వృక్షశాస్త్రం పుస్తకం తీసి చదివింది. వెళ్లేటప్పుడు "రేపొత్తాను," అంది, నాతోనో తొండతోనో తెలియలేదు.

వచ్చింది. చాలాసార్లు వచ్చింది. గుమ్మం నుంచి గోడ దాకా, గోడ నుంచి పెట్టె పక్కదాకా కొంచెం కొంచెంగా జరిగింది. నల్ల పొడి తుడిచే గుడ్డ ఒకటి తనకీ ఇచ్చాను. బొద్దింకలకి కేరట్ కోసింది. ఒకటి చేతి మీదికి ఎక్కితే వీధి వినేలా అరిచింది, మామ్మ "అమ్మయ్య, ఈ ఇంట్లో మనిషన్నది ఒకత్తి ఉన్నాది," అంది. మేమిద్దరం పాత విషయం ఎత్తలేదు. కాలేజీలో తను మళ్లీ నా పక్కకి వచ్చింది. ఎప్పటిలా మాట్లాడేది కాదు. మధ్య మధ్యలో ఆగి నా మొహం చూసేది, నేను నవ్వుతున్నానా లేదా అని. అలా చూస్తే నాకు నవ్వొచ్చేది. అది ఏ నవ్వో చెప్పడం మరీ కష్టమైపోయింది.

మాఘమాసపు ఎండ కిటికీలోంచి పడుతున్న ఒక మధ్యాహ్నం, స్టెఫీ పక్క తలుపు తీసి చెయ్యి లోపల పెట్టింది. యోనా చూసింది. అది కాలెత్తలేదు. గడ్డం నల్లబడలేదు. స్టెఫీ చేతిలోని మునగపువ్వు అందుకుని నమిలి, ఆ చేతిని దాటుకుంటూ వెళ్లి దీపం కింద పడుకుని కళ్లు మూసుకుంది.

స్టెఫీ చెయ్యి మెల్లగా బయటికి తీసి, పక్క తలుపు వేసింది.

"ఏటీ సెప్పనేదు నాకు," అంది. కళ్లలో నీళ్లు. "ఇది మంచిదే కదా?"

"మంచిదే."

"మరి నాకేటి ఇలాగున్నాది?"

నాకు తెలుసు. నాకూ అలాగే అయింది. కాని దాన్ని ఏమంటారో తెలియదు, అందుకని తన పక్కన కూర్చున్నాను.

"నువ్వు నవ్వట్లేదు," అంది కొంతసేపటికి, నా మొహం చూసి.

నిజమే, నవ్వట్లేదు. పెదాలు వాటి చోట అవి ఉన్నాయి. అది మంచిదో కాదో తను అడగలేదు.

తర్వాత లేచి వరండాలోకి వెళ్లింది. "మామ్మగారూ, ఆ పెట్టెలోంచి ఉల్లిపాయలు తీసీండి."

"తీసీసి ఎక్కడ పోసుకోవాలి? నా నెత్తినా?"

ఉల్లిపాయలు బుట్టలోకి మార్చి, ఆ గాజు పెట్టె ఇద్దరం కడిగాం. తనొక వైపు, నేనొక వైపు. అద్దంలోంచి తన చెయ్యి, నా చెయ్యి ఒకదాని మీద ఒకటి కదులుతూ కనిపించాయి. అక్క సాయంత్రం వచ్చి దీపాలు అమర్చి చూపించింది. పెట్టె నేల మీద కాదు, బల్ల మీద, మనిషి మొహం ఎత్తున పెట్టమంది. ఎవరూ పైనుంచి వంగే పని లేకుండా.

ఆ తర్వాతి ఆదివారం సుందర్ రాజ్ గారు ఆటో తెచ్చారు. యోనాని గుడ్డ సంచీలో చుట్టి స్టెఫీ ఒళ్లో పెట్టాం. మామ్మ గేటు దాకా వచ్చింది. సంచీకి దూరంగా నిలబడి, గాలిలో శిలువ గీసింది. "రేపు కాలేజీలో నెత్తళ్లు తే," అంది స్టెఫీ. తలూపాను.

ఆటో వీధి మలుపు దాకా వెళ్లింది. స్టెఫీ వెనక్కి తిరిగి చూసింది. నా కుడి చెయ్యి దానంతట అదే పైకి లేచింది. నెమ్మదిగా గుండ్రంగా తిరిగింది.

బాగున్నామని చెప్పానో, భయమేస్తోందని చెప్పానో నాకు తెలియలేదు. తను కూడా చెయ్యెత్తి అలాగే తిప్పింది.